శ్రీశైలం బయల్దేరే ముందు పేపర్లో చూడాల్సిన అంకెలు

కర్నూలులో చినుకు రాలని రోజున కూడా శ్రీశైలం గేట్లు ఎత్తుతారు. ఆ నీళ్లు మన మబ్బులవి కావు మరి. కృష్ణ పుట్టే మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. తుంగభద్రగా కలిసి కృష్ణలో చేరే తుంగ, భద్ర పుట్టేదీ పడమటి కనుమల్లోనే. నైరుతి మబ్బులు తమ తేమలో చాలా భాగాన్ని ఆ కనుమల మీదే కుమ్మరించి ఇటు వస్తాయి. అందుకే కర్నూలు వాటా 700 మిల్లీమీటర్ల లోపే. మన ఊళ్లో వాన చూసుకుని శ్రీశైలం ప్రయాణం పెట్టుకుంటే లెక్క తప్పేది ఇక్కడే.

ముందు చల్లదనం సంగతి. కొండ మీద ఊరు, పక్కనే ఇంత పెద్ద జలాశయం, ఎండాకాలంలో హాయిగా ఉంటుందని చాలామంది పిల్లాపాపలతో మే నెలలో బయల్దేరతారు. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. శ్రీశైలం ఎత్తు దాదాపు 1,500 అడుగులు, కర్నూలుది 900. ఆ 600 అడుగుల తేడాకు దక్కేది డిగ్రీ చిల్లర, అంతే. అదే కడప నుంచి హార్సిలీ హిల్స్‌కు వెళితే 3,600 అడుగులకు పైగా ఎక్కుతాం, ఏడు డిగ్రీల తేడా ఒంటికి తెలుస్తుంది. పైగా నల్లమల ఆకురాల్చే అడవి. ఎండలు ముదిరే వేళకు చెట్లు చాలావరకు మోడులై ఉంటాయి. నీడ ఉండదు, రాళ్లు పగలు పీల్చిన వేడిని రాత్రి దాకా కక్కుతూనే ఉంటాయి. జలాశయమూ అప్పటికి అడుగంటి ఉంటుంది. చల్లదనం కోసం మేలో శ్రీశైలం వెళ్లడం దండగ.

కాబట్టి చూడాల్సింది థర్మామీటరు కాదు, నీటిమట్టం. జిల్లా పేజీల్లో రోజూ అచ్చయ్యే అంకెలు చాలు: మట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో (వచ్చే నీరు), అవుట్‌ఫ్లో (పోయే నీరు). పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. అప్పటి నిల్వ 215 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) చిల్లర (కట్టినప్పుడు 308 ఉండేది, మిగతా చోటు పూడిక ఆక్రమించింది). ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి: లక్ష క్యూసెక్కుల (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) ప్రవాహం ఒక రోజంతా సాగితే 8.64 టీఎంసీలు. ఉదాహరణకు నిల్వ 175 టీఎంసీలు, ఇన్‌ఫ్లో 3 లక్షలు, అవుట్‌ఫ్లో లక్ష అనుకుందాం. నికరంగా చేరేది 2 లక్షలు, అంటే రోజుకు 17 టీఎంసీలు. మిగిలిన 40 నిండడానికి రెండున్నర రోజులు కూడా పట్టదు. అధికారులు అంచుదాకా ఆగరు, వరద జోరుగా ఉంటే 880 దాటాక ఎప్పుడైనా ఎత్తవచ్చు. ఎగువన కృష్ణ మీది జూరాల, తుంగభద్ర మీది సుంకేసుల నుంచి ఎంత వదులుతున్నారో చూస్తే ఇంకాస్త ముందే అంచనా దొరుకుతుంది.

చాలామంది పొరబడే చోటు ఇంకోటి ఉంది. జలాశయం నిండితే గేట్లు తెరిచే ఉంటాయనుకుంటారు. కుడి, ఎడమ గట్ల విద్యుత్ కేంద్రాలు నడుస్తూ, జలాశయం పక్కనున్న పోతిరెడ్డిపాడు తూముల నుంచి రాయలసీమ కాలువకు వదులుతుంటే, లక్ష క్యూసెక్కుల దాకా గేటు ఎత్తకుండానే సర్దుకుపోతుంది. ఇన్‌ఫ్లో అంతకంటే తక్కువుంటే మట్టం 884 ఉన్నా మీకు కనిపించేది మూసిన గేట్లే. నిండుగా ఉన్నప్పుడు ఒక గేటు పది అడుగులు ఎత్తితే సుమారు 27 వేల క్యూసెక్కులు దూకుతాయి. మొత్తం గేట్లు 12. అవుట్‌ఫ్లోలోంచి లక్ష తీసేసి 27 వేలతో భాగిస్తే పది అడుగుల చొప్పున ఎన్ని గేట్లు తెరిచారో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు.

తేదీని నమ్ముకోవద్దు. 2025లో జూలై 8నే గేట్లు ఎత్తారు, 2024లో జూలై చివర్లో. 2023లో ఆ అవసరమే రాలేదు. అందుకే లాడ్జి గది నెల ముందు కాదు, అంకెలు చూసి రెండు రోజుల ముందు తీసుకోవడం మేలు. శని, ఆదివారాలు, ఆగస్టు 15 వద్దే వద్దు. సున్నిపెంట నుంచి డ్యామ్ దగ్గరి లింగాలగట్టుకు దిగే మలుపుల్లో బండ్లు గంటల తరబడి ఆగిపోతాయి. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా వచ్చేవాళ్లకు గుడి దాకా ఆ రద్దీ తగలదు, డ్యామ్ చూడాలంటేనే అటు దిగాలి. మంగళవారమో బుధవారమో తెల్లవారి దిగితే సుఖం.

గేట్ల హోరు అక్కర్లేదు, నీళ్లు చూస్తూ కూర్చుంటే చాలనుకునేవారికి నా ఓటు డిసెంబరుకు. వరద నీళ్లు ఎర్రగా, బురదగా ఉంటాయి. ప్రవాహం ఆగాక మట్టి అడుగుకు చేరి నీరు తేటపడటానికి వారాలు పడుతుంది. కార్తీకంలో, ముఖ్యంగా సోమవారాలు, పౌర్ణమినాడు కాలు పెట్టే చోటుండదు. కార్తీకం పోయాక సంక్రాంతి దాకా జనం పలచబడతారు, పొద్దున చలి కూడా ఉంటుంది. అయితే మట్టం అప్పటికే దిగడం మొదలవుతుంది. గుడి కింద కృష్ణలో స్నానం చేసే పాతాళగంగకు నడిచి దిగే పెద్దవాళ్లకు ఇది ముఖ్యం: మెట్టు అరడుగు అనుకుంటే, మట్టం 20 అడుగులు తగ్గితే 40 మెట్లు ఎక్కువ దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులుంటే రోప్‌వే ఉంది.

నీళ్లు తగ్గితేనే కనిపించేది ఒకటుంది, జలాశయంలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి. అది శ్రీశైలంలో కాదు, ఎగువన ముచ్చుమర్రి వైపు. మట్టం సుమారు 840 అడుగుల దిగువకు వస్తే గుడి బయటపడుతుంది. ఒక్కో ఏడు శివరాత్రికే తేలుతుంది, ఒక్కో ఏడు ఎండాకాలం దాకా ఆగాలి. దీనికీ పేపర్లో అంకే ఆధారం.

ఏ నెలలో వెళ్లినా అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. సాయంత్రం కర్నూలులో బయల్దేరితే దోర్నాల చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా బండిలోనే. పెట్రోలు దోర్నాలలోనే పట్టించుకోండి. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు జారిపోతుంది, వానాకాలం తడి మలుపుల్లో మరీ ప్రమాదం.