పచ్చి బొప్పాయి, బీడీ పొగ, మన ఊపిరితిత్తి

ముదురు మటన్ తొందరగా ఉడకాలంటే పచ్చి బొప్పాయి ముక్క నూరి కలుపుతారు, మన వరంగల్ దావత్‌లలో వంట చేసేవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. ఆ కాయను గీరితే కారే పాలల్లో పపేన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసంలోని ప్రోటీన్లను తెంపేస్తుంది. 1960ల మధ్యలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పాల్ గ్రాస్ అనే పరిశోధకుడి బృందం ఇదే పపేన్‌ను ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపి చూసింది, రాతిధూళితో ముందే జబ్బు చేసిన ఎలుకలకూ, ఏ జబ్బూ లేని ఎలుకలకూ. తర్వాత కోసి చూస్తే లోపలి గాలి అరల గోడలు తెగిపోయి, చిన్న చిన్న అరలన్నీ కలిసి పెద్ద ఖాళీలైపోయాయి. ఏళ్ల తరబడి సిగరెట్ తాగిన మనిషికి వచ్చే ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బు కూడా చూడటానికి ఇట్లాగే ఉంటుంది. ఆ ఎలుకల్లో ఒక్కటి కూడా పొగ పీల్చలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, దమ్ము జబ్బు గురించి మన దగ్గర ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది: పొగో దుబ్బో లోపల పేరుకుంది, కడిగేస్తే పోతుంది అని. జిన్నింగ్ మిల్లుల్లో, గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లు చాలామంది సాయంత్రం బెల్లం ముక్క నోట్లో వేసుకునేది ఇందుకే. యూట్యూబ్‌లో 'లంగ్స్ క్లీన్ చేసే' కషాయాలకు కొదవ లేదు. బెల్లం తినండి, తప్పేం లేదు, కానీ అది పోయేది కడుపులోకి, ఊపిరితిత్తిలోకి కాదు. పైగా అసలు నష్టం పేరుకున్న మసి వల్ల కంటే, ఆ మసిని చూసి మన ఒంట్లోని కణాలే వదిలే ఎంజైముల వల్ల ఎక్కువ.

ముందు ఏం తెగుతుందో చూద్దాం. ఊపిరితిత్తుల్లో సగటున 48 కోట్ల దాకా వాయుగోణులు, అంటే ఇందాక చెప్పిన గాలి అరలు, ఉంటాయి, వాటి గోడల్లో ఎలాస్టిన్ అనే సాగే ప్రోటీన్ పోగులు అల్లుకుని ఉంటాయి. గాలి పీల్చినప్పుడు సాగి, వదిలినప్పుడు అవే ముడుచుకుంటాయి, మామూలుగా ఊపిరి వదలడానికి మనం కండరాలతో కష్టపడక్కర్లేదు. ఇంకో పని కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. లోపలి సన్నని గాలి గొట్టాలకు మెత్తటి ఎముక ఆసరా లేదు, చుట్టూ ఉన్న వాయుగోణుల గోడలే వాటిని నాలుగు వైపులా లాగి తెరిచి ఉంచుతాయి, పెండ్లి పందిరిని తాళ్లు లాగి నిలబెట్టినట్టు. తాళ్లు తెగితే పందిరి కూలుతుంది. అందుకే ఈ జబ్బున్నవాళ్లు గాలి పీల్చుకోగలరు గానీ వదలలేరు, వదులుతుంటే గొట్టాలు మూసుకుపోయి గాలి లోపలే చిక్కుకుంటుంది. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊదే పెద్దమనుషులను చూసే ఉంటారు, ఆ గొట్టాలను ఇంకాసేపు తెరిచి ఉంచుకునే ప్రయత్నం అది, ఎవరూ నేర్పకుండానే చాలామందికి అలవాటవుతుంది.

ఇక తెంపేది ఎవరు? న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం తన లోపలి రేణువుల్లో ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ను దాచుకుని తిరుగుతుంది. సూక్ష్మజీవులను చంపడానికే అది ఉన్నది, కానీ బయటకు ఒలికితే ఎలాస్టిన్‌నూ వదలదు. దీన్ని అదుపులో పెట్టడానికి కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్ తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. ఎలాస్టేజ్ దాన్ని కొరికిన మరుక్షణం అందులోనే ఇరుక్కుని, ఆకారం చెడి, పనికిరాకుండా పోతుంది. 1963లో స్వీడన్‌లోని మాల్మోలో లారెల్, ఎరిక్సన్ అనే ఇద్దరు డాక్టర్లు రక్తంలోని ప్రోటీన్లను గీతలుగా విడదీసే పరీక్షలో దాదాపు 1500 నమూనాలు చూస్తే ఐదింటిలో ఈ ప్రోటీన్ గీత కనిపించలేదు, ఆ ఐదుగురిలో ముగ్గురికి ఊపిరితిత్తుల జబ్బు ఉంది. పుట్టుకతో వచ్చే ఈ లోపం యూరప్ మూలాలవాళ్లలో ఎక్కువ, మన దేశంలో అరుదు. కానీ ఈ స్వీడన్ గీతనూ పిట్స్‌బర్గ్ ఎలుకలనూ కలిపి చూసేసరికి అసలు లెక్క తెలిసింది: కోసేదీ ఆపేదీ సమంగా ఉన్నంతసేపే ఊపిరితిత్తి నిలుస్తుంది.

లోపం లేనివాళ్లలోనూ పొగ ఈ లెక్కను రెండు వైపుల నుంచి చెడగొడుతుంది. న్యూట్రోఫిల్స్‌ను, చెత్తను మింగే మాక్రోఫేజ్‌లు అనే ఇంకో రకం కణాలను గుంపులుగా రప్పిస్తుంది, అంటే ఎంజైములు పెరుగుతాయి. అదే సమయంలో పొగలోని ఆక్సీకరణ పదార్థాలు ఆల్ఫా-1లో 358వ స్థానంలో ఉన్న మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చేస్తాయి, దాంతో ఆ ప్రోటీన్ ఎలాస్టేజ్‌ను పట్టుకోవడంలో బాగా నెమ్మదిస్తుంది. మాక్రోఫేజ్‌లు వదిలేది వేరే జాతి, ఎంఎంపీలు అనే ఎంజైముల కుటుంబంలోని ఎంఎంపీ-12, దీన్ని ఆల్ఫా-1 ఆపలేదు. 1997లో ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు తీసేసిన ఎలుకలకు నెలల తరబడి సిగరెట్ పొగ పట్టించినా ఎంఫిసీమా రాలేదు. ఇంకో చిక్కేమిటంటే ఎంఎంపీలు ఆల్ఫా-1ను కోస్తాయి, ఎలాస్టేజ్ ఏమో ఎంఎంపీలను ఆపే ప్రోటీన్లను కోస్తుంది. తెగిపడిన ఎలాస్టిన్ ముక్కలు మళ్లీ కొత్త కణాలను పిలుస్తాయి. ఇంత గట్టిగా ఒకదానికొకటి సాయం చేసుకునేవి మన ఊరి రాజకీయాల్లో కూడా కనబడవు.

పొగ అంటే బీడీ, సిగరెట్టే అనుకోవద్దు. ములుగు, భూపాలపల్లి అడవుల్లో తునికాకు కోస్తారు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇండ్లల్లో ఆడవాళ్లు బీడీలు చుడతారు, ఒక్క బీడీ కాల్చని మనిషి కూడా రోజంతా పొగాకు నుసి పీలుస్తుంది. కట్టెల పొయ్యి ముందు ముప్పై నలభై ఏండ్లు కూర్చున్నవాళ్లు, సింగరేణి గనుల్లో బొగ్గు దుబ్బ మింగినవాళ్లు, వీళ్లందరికీ ఈ జబ్బు రావచ్చు. 2016 లెక్కల ప్రకారం దేశంలో సీఓపీడీ (గాలి దారులు ఇరుకై ఊపిరి ఆడని దీర్ఘకాలిక జబ్బు, ఎంఫిసీమా కూడా ఇందులోదే) ఉన్నవాళ్లు సుమారు 5.5 కోట్లు. ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి, మొదట్లో అది మామూలుగానే ఉండొచ్చు. గొట్టంలోకి గట్టిగా ఊదే స్పైరోమెట్రీ చేయించుకోవాలి.

టీబీ సంగతి ఇంకా విచిత్రం. ఊపిరితిత్తికి బొక్కలు పెట్టేది క్రిమే అనుకుంటాం, కానీ గోడలకు బలమిచ్చే కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్‌ను కోసే పని ఎక్కువగా మన కణాలు వదిలే ఎంఎంపీ-1దే. మామూలు ఎలుకలకు టీబీ సోకినా మనకు పడినట్టు బొక్కలు పడవు, మనిషి ఎంఎంపీ-1 జన్యువును వాటిలో పెట్టి టీబీ సోకిస్తే మాత్రం కొల్లాజెన్ తెగడం కనిపించింది. కోర్సు మొత్తం వాడి 'తగ్గింది' అనిపించుకున్న మనిషికి పదేళ్ల తర్వాత దమ్ము రావడానికి కారణం ఇక్కడే ఉంది. క్రిమి పోయింది, తెగిన గోడ అట్లాగే ఉండిపోయింది.

పంపు, అదే ఇన్‌హేలర్, గొట్టాలను వెడల్పు చేస్తుంది, వాపు తగ్గిస్తుంది, మానేయకండి. పోయిన గోడను అది తేలేదు. ఎలాస్టిన్ ఎక్కువగా చిన్నతనంలోనే తయారవుతుంది, పెద్దయ్యాక సరిగ్గా అల్లుకోదు. పొగ మానేస్తే మాత్రం నష్టం జరిగే వేగం తగ్గుతుంది, ఏ వయసులో మానినా.

అయితే ఎంజైములనే ఆపే మందు ఎందుకు లేదని అడగొచ్చు. ఎంఎంపీలన్నింటినీ ఒకేసారి అణచే మందులను క్యాన్సర్‌కు వాడి చూశారు, కీళ్ల నొప్పులతో జనం అల్లాడిపోయారు, పైగా గాయం మానడానికీ ఈ ఎంజైములే కావాలి. పుట్టుకతో లోపం ఉన్నవాళ్లకు దాతల ప్లాస్మా నుంచి తీసిన ఆల్ఫా-1ను ఎక్కించడం అమెరికాలో 1987 నుంచి ఉంది. కొత్తది బ్రెన్సోకాటిబ్ అనే మాత్ర, 2025 ఆగస్టులో అక్కడే అనుమతి వచ్చింది. న్యూట్రోఫిల్ ఎముక మజ్జలో తయారవుతున్నప్పుడే ఎలాస్టేజ్‌ను చురుగ్గా మార్చే డీపీపీ1 అనే ఎంజైమ్‌ను ఇది అడ్డుకుంటుంది. అనుమతి సీఓపీడీకి కాదు, గాలి గొట్టాలు వదులై తెమడ నిలిచిపోయే బ్రాంకియెక్టాసిస్‌కు, మన దేశంలో దానికి పెద్ద కారణం పాత టీబీయే. ట్రయల్‌లో జబ్బు ముదిరి ఇబ్బంది పెట్టే సందర్భాలు దాదాపు ఐదోవంతు తగ్గాయి. తెగిన గోడను తిరిగి కట్టే మందు ఇది కాదు, అలాంటిది ఇప్పటిదాకా ఏదీ రాలేదు.