పితికిపప్పు చేతికి గుర్తుంటుంది

చిత్తూరు వైపు క్రిస్మస్ ఒక్కరోజుతో అయిపోయేది కాదు. డిసెంబరు మొదట్లోనే మిద్దె మీద నక్షత్రం వెలుగుతుంది. ఆ తర్వాత సెమీ క్రిస్మస్‌లు, రాత్రిపూట క్యారల్స్, 24 రాత్రి ఆరాధన, 31 రాత్రి మళ్లీ ఆరాధన. బెంగళూరు, చెన్నై నుంచి పిల్లలు దిగుతారు. ఇంట్లో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న అవ్వ ఉంటే, వచ్చినోళ్లంతా సంచి కింద పెట్టకముందే అడిగేది ఒకటే: ‘‘అవ్వా, నేనెవరో చెప్పు చూద్దాం?’’

ప్రేమతో అడిగే ఈ ప్రశ్నే ఆమెకు అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్‌లో మొదట్లోనే దెబ్బతినేది హిప్పోక్యాంపస్. కొత్త సంగతులను మెదడులో పదిలపరిచే భాగమది. పేరును లోపలి నుంచి వెతికి తీయడం ఆమెకు చేతకాదు. మనమే అందిస్తే పట్టుకోగలదు. కాబట్టి ఎదురుగా వచ్చి, ఆమె కంటి ఎత్తుకు కూర్చుని ‘‘అవ్వా, నేను మీ చిన్నకూతురి కొడుకుని, బెంగళూరు నుంచి వచ్చినాను’’ అని చెప్పాలి. చెప్పాక మనసులో పది లెక్కపెడుతూ ఆగాలి. మనం ఆగం, రెండో ప్రశ్న వేస్తాం. దాంతో మొదటిదీ ఆమె చేజారిపోతుంది. ఎవరు నిలదీశారో కాసేపటికి మరిచిపోయినా, ఆ కలత మాత్రం లోపల మిగిలే ఉంటుంది. కారణం తెలియని చిరాకుగా సాయంత్రానికి బయటపడేది అదే.

‘‘తాత ఏడీ?’’ అని ఆమె అడిగితే, పోయి ఆరేళ్లయిందని ప్రతిసారీ చెప్పకండి. విన్న ప్రతిసారీ అది ఆమెకు కొత్త చావే. ‘‘తాత గుర్తొచ్చినాడా? పండగకి ఆయనకేం ఇష్టం?’’ అని అడిగితే మాట కదులుతుంది.

పోయినదాన్ని వెతకడం కన్నా మిగిలినదాన్ని వాడుకోవడం మేలు. చేతి అలవాట్లు, చిన్నప్పటి పాటలు హిప్పోక్యాంపస్ మీద అంతగా ఆధారపడవు; అందుకే చాలాకాలం నిలుస్తాయి. మన అదృష్టం, డిసెంబరు అంటే అనపకాయల కాలం. రాత్రి నానబెట్టిన అనపగింజలు ఒక గిన్నెలో, ఖాళీ గిన్నె పక్కన పెట్టి, మీరు రెండు పితికి చూపించండి. మనవడి పేరు చెప్పలేని చేయి పప్పును తొక్కలోంచి టక్కున పితికేస్తుంది. ఒకేసారి బుట్టెడు పెట్టొద్దు, గుప్పెడు చాలు. తొక్కలు పప్పులో కలిపేసినా మాట్లాడకండి, తర్వాత ఏరుకోవచ్చు. పాటలైతే ఆమె పెళ్లికి ముందు పాడుకున్న పాత కీర్తనలు ఎంచుకోండి. పరలోక ప్రార్థన మనం మొదలుపెడితే చాలాసార్లు తనే అందుకుంటుంది.

వెలుతురు సంగతి ఇంట్లోవాళ్లు పట్టించుకోరు. డిసెంబరు చివర్లో తిరుపతిలో సాయంత్రం 6 కాకముందే పొద్దు గూకుతుంది. చాలామంది రోగులకు ఆందోళన పెరిగేది ఆ వేళలోనే. మెదడులోని గడియారం దెబ్బతినడం, పగటి అలసట, పొడుగు నీడలు అన్నీ కలుస్తాయి. 5 గంటలకల్లా గదిలో పెద్ద లైటు వేసి కర్టెన్లు మూసేయండి. లేకుంటే కిటికీ అద్దంలో తన నీడనే చూసి ఎవరో దొంగ అనుకోవచ్చు. సీరియల్ లైట్లు మిణుకుమనకుండా నిలకడగా వెలిగేలా పెట్టండి. ముఖ్యంగా లేని మనుషులు కనిపించే లెవీ బాడీ రకం డిమెన్షియాలో మిణుకులు లేనిపోని భ్రమలు రేపుతాయి. చుట్టాల కోసం మంచం జరపడం, బాత్‌రూమ్ ముందు కాళ్లు తుడుచుకునే కొత్త నల్ల పట్టా వేయడం వద్దు. నల్ల పట్టా ఆమె కంటికి గుంతలా కనబడితే అడుగు వేయదు, లేదా దాటబోయి పడుతుంది.

అర్ధరాత్రి డప్పులతో క్యారల్స్ వస్తే నిద్రలో ఉలిక్కిపడి లేచిన మనిషికి తానెక్కడున్నదీ తెలియదు. సంఘం యువకులకు ముందే చెప్పి సాయంత్రం 4కే రమ్మనండి. సంతోషంగా వస్తారు. ఆరాధనకూ రాత్రిది వదిలేసి 25 ఉదయానిది, తలుపు దగ్గర చివరి బెంచి. అరగంట చాలు.

తిండిలో గట్టి నిప్పట్లు, పొడిపొడి కేకు ప్రమాదం. జబ్బు ముదిరేకొద్దీ మింగడం కుదరక గొంతులో అడ్డం పడతాయి. కేకును పాలలో నానబెట్టి, నిటారుగా కూర్చోబెట్టి, చెంచా చెంచాగా పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు. తెల్ల పళ్లెంలో తెల్లన్నం కంటికి ఆనదు. రంగు పళ్లెం వాడండి.

చలికి జలుబు చేస్తే మందుల షాపులో చేతికొచ్చిన మాత్ర వేయడం మనకు అలవాటు. ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది. చాలా జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మెదడులో ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. అల్జీమర్స్‌లో తరిగిపోయేది ఆ రసాయనమే. ఈ జబ్బుకు ఇచ్చే డోనెపెజిల్ మాత్ర కాపాడాలని చూసేదీ దాన్నే. ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో ఒంపేసినట్టు.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి బాగా మారిపోతే, అంటే కాసేపు మగత, కాసేపు గందరగోళం కనిపిస్తే, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. ఇది డెలీరియం కావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చలికి నీళ్లు తాగకపోవడం, మలబద్ధకం, కొత్త మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. సెలవని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డిసెంబరు, జనవరిల్లో వచ్చే వైకుంఠ ఏకాదశికి తిరుపతి కిక్కిరిసిపోతుంది. అలాంటి రోజుల్లో గేటు తీసి ఉండి అవ్వ బయటికి వెళ్లిపోతే వెతకడం చాలా కష్టం. పొద్దున చీర కట్టగానే ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. లోపలి జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి. కనపడకపోతే వెంటనే 112. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది.

ఇక అవ్వను చూసుకునే కోడలి సంగతి. చుట్టాల ముందు గంటసేపు రోగి తేరుకుని చక్కగా మాట్లాడటం మామూలే. ‘‘అత్త బాగానే ఉంది గదా, నువ్వే ఎక్కువ చేస్తున్నావు’’ అని వాళ్లు అనేస్తారు. ఏడాదంతా రాత్రిళ్లు మేలుకున్న మనిషికి ఆ మాట ముల్లే. అనే బదులు ఇద్దరు చొప్పున వంతు వేసుకుని రోజుకు రెండు గంటలు అవ్వను చూసుకుంటే కోడలు పడుకుంటుంది. 26న చుట్టాలంతా ఒక్కసారిగా వెళ్లిపోతే అవ్వ గుమ్మం దగ్గర వెతుక్కుంటుంది. ఆ రోజు ఒక్కరైనా ఆగి, మిగిలిన అనపగింజల గిన్నెతో పక్కన కూర్చోండి.