చెడ్డ ప్యాకెట్ తనంతట తనే ఒప్పుకుంటే: ఈవిల్ బిట్ వెనక కథ

ఇంటర్నెట్ ఎలా నడవాలో చెప్పే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో నవ్వించడానికి రాసినవీ కొన్ని ఉన్నాయి. దూరంలోని కంప్యూటర్‌ను ఇక్కణ్ణుంచే వాడుకోనిచ్చే టెల్నెట్‌కు కావాలనే డేటాను పోగొట్టే ఆప్షన్ అంటూ 1978 ఏప్రిల్ 1న ఒకటి వచ్చింది. ఆ తర్వాత వచ్చినవాటిలో ఇప్పటికీ ఎక్కువగా తలుచుకునేది 2003 ఏప్రిల్ 1 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3514. రాసింది నెట్‌వర్క్‌లోకి చెడ్డవి రాకుండా అడ్డుకునే ఫైర్‌వాల్స్ గురించి లోతుగా తెలిసిన స్టీవ్ బెలోవిన్.

నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్తుంది. ఐపీవీ4 అనే పద్ధతిలో ప్రతి ప్యాకెట్ ముందూ దాని వివరాలుండే హెడర్ ఉంటుంది. అక్కడ ఫ్లాగ్‌లకు, అంటే గుర్తులకు, మూడు బిట్లున్నాయి; ఒక్కో బిట్ 0 గానీ 1 గానీ. అందులో మొదటిదానికి 1981 నుంచీ పనేమీ లేదు, సున్నాగా ఉండాలంతే. దాన్ని ‘ఈవిల్ బిట్’ చేద్దామన్నారు బెలోవిన్. దాడికి బయల్దేరిన ప్యాకెట్‌లో అది 1, మిగతావాటిలో 0. ఫైర్‌వాల్ 1 కనిపిస్తే ఆపెయ్యాలి, 0 ఉంటే ఆపనే కూడదు. ఐపీవీ4 తర్వాత వచ్చిన ఐపీవీ6లోనైతే ఆ ప్యాకెట్ ఎంత చెడ్డదో చెప్పడానికే 128 బిట్లు! చాలా కంప్యూటర్లు ఒకే అడ్రస్‌తో నెట్ వాడుకునేలా చేసే నాట్ పరికరాలు ప్యాకెట్లను మారుస్తాయి కాబట్టి అవి కూడా ఈ బిట్ పెట్టాలట. నాట్ అంటే గిట్టని ఇంజనీర్లకు ఈ చురక బాగా నచ్చి ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో దీనికి నిజంగానే కోడ్ చేర్చి, మర్నాడే తీసేశారు.

చెడ్డవాడు నిజం చెబుతాడని నమ్మడమే ఇందులో జోకు. కానీ అదే నమ్మకంతో సీరియస్‌గా చట్టాలే వచ్చాయి. ప్రకటన మెయిల్ సబ్జెక్ట్‌లో ‘ఏడీవీ’ (అడ్వర్టైజ్‌మెంట్‌కు పొట్టి రూపం) అని ముందే రాయాలని 1998లో కాలిఫోర్నియా చట్టం చేసింది. స్పామ్ పంపేవాళ్లు దాన్ని పట్టించుకుంటేగా! దేశమంతటా ఆ లేబుల్ పెట్టించాలా అన్న ప్రశ్నకు, దానివల్ల ఉపయోగం ఉండదనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2005లో తేల్చింది. వెబ్ పేజీలకు రేటింగ్ ట్యాగులు తగిలించే ‘పిక్స్’ 1996లో వచ్చింది, అదీ నిలదొక్కుకోలేదు.

ఇంటర్నెట్ తొలితరం ఇంజనీర్ జాన్ పోస్టెల్ 1975లోనే, ఆర్‌ఎఫ్‌సీ 706లో, జంక్ మెయిల్ సంగతి ఎత్తారు. అందులో లేబుల్ ఊసే లేదు. ఇబ్బంది పెడుతున్న మెషీన్ నుంచి వచ్చేవాటిని వద్దనే వీలు అందుకునేవాడికి ఉండాలన్నారు.

2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8674 జోకు కాదు. అందులో మాట చెప్పాల్సింది పేజీ అడిగేవాడు: అభ్యంతరకరమైనవి వద్దంటూ బ్రౌజర్ తన రిక్వెస్ట్‌తోపాటు ‘సేఫ్’ అనే కోరిక పంపుతుంది. ఏది సేఫ్ అన్నది మాత్రం సైట్ ఇష్టానికే వదిలేశారు.