గంజి పెట్టిన తువ్వాలు

"ఆవు మేత బాగానే తింటోంది, జ్వరం లేదు, ఈనినప్పటి నుంచి పేడ మాత్రం నీళ్లలా పోతోంది, మూడు నెలల్లో డొక్కలు తేలాయి, ఇప్పుడు దవడ కింద నీరు దిగింది, ఇది గొంతువాపేనా?" అని ఒక పాడి రైతు అడిగారు.

గొంతువాపు అయితే ఒళ్లు కాలిపోతుంది, వాపు వేడిగా నొప్పిగా ఉంటుంది, ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. మీ ఆవు వాపు నొక్కి చూడండి, చల్లగా ఉండి చపాతీ పిండిలో వేలు పెట్టినట్టు గుంట పడుతుందేమో. కార్జపు జలగలున్నా ఇలాగే నీరు దిగుతుంది కాబట్టి ముందు పేడ పరీక్షతో ఆ సంగతి తేల్చుకోవాలి. అదీ కాకపోతే నా అనుమానం జోన్స్ వ్యాధి మీద. మనం జోన్స్ అనేస్తాం గానీ ఆ పేరు ఎవరి మీదుగా వచ్చిందో ఆ శాస్త్రవేత్త పేరు యోనె, జర్మన్. 1895లో డ్రెస్డెన్‌లో ఫ్రాథింగ్‌హామ్‌తో కలిసి ఇలాంటి ఆవు పేగులో క్షయ క్రిమి లాంటిది చూసి, ఇదేదో క్షయలోనే ఒక రకం అనుకున్నారు. అది వేరే జబ్బని 1906లో డెన్మార్క్‌లో బాంగ్ అనే పశువైద్యుడు తేల్చాడు.

వెటర్నరీ మ్యూజియంలో ఫార్మలిన్ సీసాలో ఈ పేగుని మొదటిసారి చూసినప్పుడు మెదడు ముక్క అనుకున్నాను, అన్ని ముడతలు. మామూలు పేగు లోపలి పొర టర్కీ తువ్వాలు లాంటిది, సన్నటి పోగులు నిలబడి తడిని పీల్చుకుంటాయి. ఆ తువ్వాలుని చిక్కటి గంజిలో ముంచి ఎండబెడితే? పోగులు అణిగి అట్టలా బిగుసుకుపోతుంది, ఇక దాంతో తుడిస్తే నీళ్లు అటూ ఇటూ జరుగుతాయి తప్ప ఇంకవు. ఇక్కడ గంజి ఎవరంటే రక్షణ కణాలే. క్రిమిని మింగిన మాక్రోఫేజ్ దాన్ని అరిగించుకోలేదు, సాయానికి ఇంకొన్ని వస్తాయి, అవీ మింగి అక్కడే ఇరుక్కుంటాయి, ఏళ్ల తరబడి ఇలా పేరుకుని గోడ మందమవుతుంది. అందుకే ఎంత దాణా పెట్టినా పేడలోకే.

అంతటితో అయిపోలేదు, ఈ తువ్వాలు ఎదురు కారుతుంది కూడా. రక్తంలోని ఆల్బుమిన్ వాచిన గోడ గుండా పేగులోకి జారిపోతుంది. నాళాల్లో నీటిని పట్టి ఉంచేది ఆ ప్రొటీనే, అది తగ్గితే నీరు బయటికొచ్చి పల్లానికి చేరుతుంది. రోజంతా తల వంచి మేసే జీవికి పల్లం ఏది? దవడే.

మధ్యలో పేడ కొన్నాళ్లు దానంతటదే గట్టిపడుతుంది, అదే అసలు చిక్కు. ఆ వారం వాత పెట్టినవాడికి పేరు, సూది వేసినవాడికీ పేరు. నిజానికి ఆచరణలో పనికొచ్చే మందు లేదు.

పేడలోంచి ఈ క్రిమిని పెంచి చూపాలంటే నెలలు పడుతుంది. ఇనుమును లాక్కునే మైకోబాక్టిన్‌ను అది సొంతంగా చేసుకోలేదు, 1912లో ట్వార్ట్, ఇన్‌గ్రామ్ అనే శాస్త్రవేత్తలు దాని దాయాది క్రిములను చంపి, ల్యాబ్‌లో దానికి పెట్టే తిండిలో కలిపితే గానీ పెరగలేదు! అందుకే ఇప్పుడు ముందుగా రక్తంలో ఎలైసా (క్రిమి మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలను వెతికే పరీక్ష), పేడలో పీసీఆర్ (క్రిమి డీఎన్ఏను వెతికే పరీక్ష) చేస్తారు.

జబ్బు అంటుకునేది దూడగా ఉన్నప్పుడు, బయటపడేది రెండు నుంచి ఐదేళ్ల తర్వాత. పొదుగుకు అంటిన పేడతో, జున్నుపాలతో, కొన్నిటికి తల్లి కడుపులోనే. కాబట్టి కాపాడాల్సింది దూడల్ని: శుభ్రమైన చోట ఈననివ్వండి, దూడను వెంటనే వేరుచేసి పరీక్షలో జబ్బు లేదని తేలిన ఆవు జున్నుపాలు పట్టండి, పెద్ద పశువుల పేడ దూడల నీళ్లలో, మేతలో పడనివ్వకండి. మట్టిలో ఈ క్రిమి ఏడాది దాకా బతుకుతుంది. జబ్బు ఆవుని మాత్రం దయచేసి సంతకు తోలకండి, చవగ్గా వచ్చిందని కొన్నవాడి కొట్టంలో ఇదే కథ మొదలవుతుంది.

ఆ జబ్బు ఆవు పెయ్యకి కూడా ఇప్పుడే రక్తపరీక్ష చేయిద్దామా అంటారేమో, ఆ వయసులో నెగెటివ్ వచ్చినా అర్థం లేదు, యాంటీబాడీలు చాలా ఆలస్యంగా వస్తాయి. వేరుగా కట్టి పెంచండి, రెండేళ్లు దాటాక చేయించండి.