పాత వల కుడుతూ రాసిన ఉత్తరం

రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నుంచి,
గంజాం జిల్లా, ఒడిశా

బుజ్జీ, చిన్నా, క్లాసులో వింటున్న మిగతా పిల్లలూ!

మొన్న ఫోన్లో ఒక ప్రశ్న వేసి పెట్టేశారు. "తాతా, అన్ని లక్షల తాబేళ్ళకి కాపలా పోలీసులు ఉంటారా?" అని. ఫోన్లో తేలే సంగతి కాదు, రాస్తానన్నాను. ఉత్తరం బళ్ళో చదివి వినిపిస్తారట కదా, అందుకే చొక్కా మార్చుకుని మరీ కూర్చున్నాను.

ముందు ఒక తప్పు ఒప్పేసుకుంటాను. చిన్నప్పుడు నేను తాబేలు గుడ్లు తిన్నాను. మా నాయనమ్మ కుండలో ఉడకబెట్టేది. ఎంతసేపు ఉడికినా వాటి తెల్లసొన గట్టిపడదు, జారుతూనే ఉంటుంది. మాంసం మాత్రం మా ఇంట్లో ఎరగం. కూర్మావతారం కదా! వలలో తాబేలు పడితే మా నాన్న "శ్రీకూర్మనాథా" అని దండం పెట్టి నీళ్ళలోకి వదిలేసేవాడు. తల్లికి దండం, గుడ్లకి కుండ. ఇదేం లెక్క అని అడిగే వయసు కాదు నాది.

ఇక్కడ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని 1994లో బివాష్ పాండవ్ అనే పరిశోధకుడు లోకానికి చెప్పారు. అప్పుడే "కనుగొన్నారు" అని రాస్తారు. మాకు నవ్వొస్తుంది, మా ముత్తాతలకి తెలియని సంగతా? కానీ మన ఎరుక నోటిమాటగానే ఉండిపోయింది. కాగితం మీదికెక్కితే గానీ చట్టానికి కనపడదు. ఆ తర్వాత చదువుకున్నవాళ్ళకి రాత్రిళ్ళు తోడు తిరిగింది ఈ చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళే. పురుణాబంధలో సముద్ర తాబేళ్ళ రక్షణకి ఒక కమిటీ కూడా పుట్టింది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో దక్షిణపు గాలి గట్టిగా తిరిగిందంటే మావాళ్ళ చూపులన్నీ సముద్రం వైపే. చీకటి పడ్డాక ఒకటొకటిగా తేలతాయి. సుమారు నలభై కిలోల ఒళ్ళు ఈడ్చుకుంటూ ఇసక ఎక్కుతుంది తల్లి. వెనక రెక్కల్ని గరిటెల్లా వంచి, ఒకటి మార్చి ఒకటి, మూరెడు లోతు గొయ్యి తవ్వుతుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు! పింగ్‌పాంగ్ బంతులంత గుడ్లు, వందకి అటూ ఇటూగా పెడుతుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటాయి. ఏడుస్తోందని మా అమ్మ అనేది. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పు బయటికి పోయే దారి అని నేను పెద్దయ్యాక తెలిసింది. గొయ్యి పూడ్చాక ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ ఇసకని దిమ్మిస కొట్టినట్టు కొడుతుంది. తీరమంతా ఒకేసారి ఆ దబదబ చప్పుడు వినిపిస్తుంటే మా వీధి ముసలాళ్ళెవరూ నిద్రపోరు.

2023లో ఆరు లక్షలు దాటి వచ్చాయి. 2024లో గుంపుగా రానే లేదు. ఆ ఏడు ఊరంతా ఏదో కీడు జరిగినట్టు తిరిగాం. 2025లో మళ్ళీ ఆరున్నర లక్షల పైచిలుకు.

నలభై అయిదు, యాభై రోజులకి పిల్లలు పైకొస్తాయి. అసలు పని అప్పుడే. చీకట్లో సముద్రం మీద ఉండే ఆ కాస్త మెరుపే వాటికి దారి. కానీ వెనక రోడ్డు లైట్లు, ఫ్యాక్టరీ లైట్లు ఇంకా మెరుస్తాయి కదా! పిచ్చి పిల్లలు అటు పరిగెడతాయి. తెల్లారేసరికి కుక్కలు, కాకులు. అందుకే తీరం పొడుగునా వెదురు కర్రలు పాతి పాత నైలాను వలలు కడతాం. వలకి తగిలి ఆగిన పిల్లల్ని బకెట్లలోకి ఎత్తి, తడి ఇసక మీద వదులుతాం. నీళ్ళలో పడెయ్యకూడదు, వాటి కాళ్ళతో అవే నడవాలి. ఎన్నాళ్ళో చేపలు పట్టిన వలే ఇది. ఇప్పుడు నా ఒళ్ళో ఉంది, చిరుగులు కుడుతున్నాను.

మరి కడుపు సంగతో? నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ మొగ ముందు 20 కిలోమీటర్ల లోపల మరబోట్లకి వేట లేదు. నిజమే, తాబేలు ఊపిరికి పైకి రావాలి, ట్రాలర్ వలలో చిక్కితే మునిగి చచ్చిపోతుంది. వలకి తాబేలు తప్పించుకునే కిటికీ, టెడ్ అంటారు, పెట్టమంటే దాంట్లోంచి చేపలూ పోతాయని బోటువాళ్ళ గోల. అదీ అబద్ధం కాదు. ఒక ఏడు మా వీధివాళ్ళకి వేట ఆపినందుకు ఇచ్చే సాయం డబ్బు చేతికందేసరికి వానలొచ్చేశాయి. ఆ నెలలన్నీ ఎండుచేపలూ అప్పులే. ఆ కోపం ఉన్నవాళ్ళు కూడా రాత్రి బకెట్ పట్టుకుని వచ్చారు. పొదంపేటలో సముద్రం ఇళ్ళు మింగేస్తే జనం లేచి వెనక కాలనీకి పోయారు. ఇప్పటికీ వాళ్ళు కనపడగానే అడిగేది "ఈ ఏడు ఎన్నొచ్చాయి?" అనే. ఇలాంటివాళ్ళని దొంగల్లా చూసి ఒక్క లాఠీతో తాబేలుని కాపాడొచ్చనుకుంటే ఎలా? తీరంలో రాత్రంతా ఉండేది వాళ్ళే.

జనమే కాపలా కాసేది ఒక్క తాబేళ్ళకే కాదు. ఇదే జిల్లాలో భేట్నోయి, బాలిపదర్ వైపు చేలల్లో కృష్ణజింకలు తిరుగుతాయి, అదే మీ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. పైరు మేసినా రైతులు తరమరు. పూర్వం పెద్ద కరువొచ్చినప్పుడు జింక ఊళ్ళోకి అడుగుపెట్టాకే వాన పడిందని వాళ్ళ నమ్మకం. 2011లో 2,194 ఉంటే 2020 లెక్కకి 6,875 అయ్యాయి.

మీ అమ్మతో చెప్పి సెలవులకి రండి, పిల్లలు పైకొచ్చే వేళకి అందుకుంటారు. టార్చిలైట్లు తేవద్దు. ఫోన్ ఫ్లాషు వేశారా, నేనే లాక్కుంటాను. మీ బాబాయి దగ్గర ఎర్రకాగితం చుట్టిన లైటు ఒకటుంది, అది చాలు. పాత బకెట్లుంటే రెండు పట్టుకురండి. ఇక్కడివి రెండు పగిలాయి.

ఉంటాను, దారం అయిపోయింది. కొట్టుకెళ్ళి రావాలి.

మీ తాతయ్య