పెళ్లి క్యాసెట్లు, క్యాప్చర్ కార్డులు: కొనే ముందు వదిలించుకోవలసిన అపోహలు

తిరుపతిలో పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నేను చాలా ఏళ్లుగా చేస్తున్నాను. పుత్తూరు, చంద్రగిరి, చిత్తూరు నుంచి సంచుల్లో వచ్చేవి చాలావరకు పెళ్లి క్యాసెట్లే. తిరుచానూరులోనో కొండ మీదో జరిగిన ఆ పెళ్లిళ్లలో అక్షింతలు వేస్తూ కనిపించే జేజి, తాత ఇప్పుడు చాలా ఇళ్లలో లేరు. అందుకే ఈ పనిలో పొరపాటు జరిగితే నాకు బాధగా ఉంటుంది. ఇటీవల చాలామంది సొంతంగా క్యాప్చర్ కార్డు (వీసీఆర్ నుంచి వచ్చే బొమ్మను, శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం) కొని ఇంట్లోనే చేసుకుంటున్నారు. అది మంచి ఆలోచనే, ఓపిక ఉన్నవారు తప్పక చేయవచ్చు. కార్డును ఎంచుకునే తీరులోనే తప్పులు జరుగుతున్నాయి.

అపోహ: పెట్టె మీద 4కె అని రాసి ఉంటే పాత క్యాసెట్ కూడా స్పష్టంగా వస్తుంది.

వాస్తవం: మొన్న ఒక యువకుడు చిన్న డాంగిల్ (యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చే చిన్న క్యాప్చర్ కార్డు) తెచ్చి, "అన్నా, ఇది ఫోర్‌కే అంట, ఎనిమిది నూర్లకే వచ్చింది, అమ్మావాళ్ల పెళ్లి దీంట్లో ఎక్కించుకోవచ్చు గదా?" అని అడిగాడు. మన దేశంలో టీవీలు, క్యాసెట్లు పాల్ పద్ధతిలో నడిచాయి. ఆ పద్ధతిలో ఒక చిత్రానికి 625 గీతలు, వాటిలో కంటికి కనిపించేవి 576, సెకనుకు వచ్చే చిత్రాలు, అంటే ఫ్రేములు, 25. అడ్డంగా చూస్తే వీహెచ్‌ఎస్ టేపు, అంటే ఇళ్లలో ఉండే మామూలు వీడియో క్యాసెట్, నిలుపుకోగలిగిన వివరం సుమారు 240 గీతలే. టేపులో లేని వివరాన్ని ఏ కార్డూ పుట్టించలేదు కనుక, 720 × 576 పరిమాణంలో నిలకడగా పట్టుకునే కార్డు ఈ పనికి చాలు.

ఆ 4కె అనే మాటలో మరో మెలిక ఉంది. ఎంఎస్ 2109 వంటి చిప్ ఉన్న చవక డాంగిళ్లు హెచ్‌డీఎంఐ వైపు 4కె సంకేతాన్ని తీసుకుంటాయి గానీ, కంప్యూటర్‌కు పంపేటప్పుడు దాన్ని 1080 గీతలకు, సెకనుకు 30 ఫ్రేములకు తగ్గిస్తాయి. సెకనుకు 60 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ చిత్రాన్ని కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 2 గిగాబిట్లు ప్రవహించాలి. యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు కాగితం మీద కూడా 480 మెగాబిట్లే. అందువల్ల ప్రతి ఫ్రేమునూ జేపెగ్ ఫొటోలా నొక్కి పంపడం తప్ప ఆ చిప్‌కు వేరే మార్గం లేదు. ప్లగ్గులో నీలం ప్లాస్టిక్ కనబడగానే అది యూఎస్‌బీ 3.0 అని నమ్మకూడదు. ఫోన్ టార్చి వేసి ప్లగ్గు లోపలికి చూడండి. ముందు వరుసలో 4 లోహపు పట్టీలు, వాటి వెనుక మరో 5 కనబడితేనే అది 3.0 ప్లగ్గు. వెనుక వరుస ఖాళీగా ఉంటే ఆ నీలం రంగు అలంకారమే.

పైగా ఆ డాంగిల్‌కు హెచ్‌డీఎంఐ రంధ్రం మాత్రమే ఉంటుంది, వీసీఆర్‌కు ఉండేవి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు. మధ్యలో చవక కన్వర్టర్ ఒకటి తగిలిస్తే బొమ్మ వస్తుంది, కానీ చెడి వస్తుంది. పాల్ చిత్రంలో సెకనుకు 50 అర చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒకదాంట్లో బేసి గీతలు, తర్వాతి దాంట్లో సరి గీతలు ఉంటాయి. కన్వర్టర్ వాటిని హడావిడిగా కలిపి సెకనుకు 60 చిత్రాలకు సాగదీస్తుంది. పెళ్లికూతురికి హారతి తిప్పే దృశ్యంలో పళ్లెం అంచును గమనిస్తే దువ్వెన పళ్ల వంటి గీతలు, వెలుగు ఆగి ఆగి కదలడం స్పష్టంగా తెలుస్తాయి. ఒకసారి అలా కలిసిపోయిన గీతలను తర్వాత శుభ్రంగా విడదీయలేము. క్యాసెట్ల కోసమైతే పసుపు పిన్నును, వీలైతే ఎస్-వీడియోను (వెలుగును, రంగును వేరువేరుగా పంపే గుండ్రటి పిన్ను) నేరుగా తీసుకునే కార్డునే కొనాలి.

అపోహ: మాటకూ బొమ్మకూ తేడా వస్తే ఎడిటింగ్‌లో జరుపుకోవచ్చు.

వాస్తవం: తేడా మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉంటే జరుపుకోవచ్చు. పోనుపోను పెరిగే తేడాను అలా సరిచేయలేము. ఒక ఇ-180 క్యాసెట్ అంటే 3 గంటలు, అంటే 2,70,000 ఫ్రేములు. టేపు పాతబడి సాగినప్పుడు గీతల సమయం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటను తట్టుకోలేని కార్డు వెయ్యి ఫ్రేములకు ఒక్కటి వదిలేసినా చివరికి 270 ఫ్రేములు, అంటే దాదాపు 11 సెకన్లు మాయమవుతాయి. శబ్దం మాత్రం తన గడియారం ప్రకారం పూర్తిగా నడుస్తుంది. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో శబ్దాన్ని కంప్యూటర్ మైకు రంధ్రంలో, బొమ్మను కార్డులో పెట్టి ఒక పెళ్లి ఎక్కించాను. వరపూజ బాగానే వచ్చింది గానీ, మాంగల్యధారణ దగ్గరికి వచ్చేసరికి తాళి కట్టడం ముందే అయిపోయి, గట్టిమేళం ఆ తర్వాత మోగినట్టు వచ్చింది. ఆ మూడు గంటలూ మళ్లీ చేశాను. అప్పటి నుంచి శబ్దం కూడా కార్డు గుండానే తీసుకుంటున్నాను.

కార్డు నమ్మదగినదో కాదో తేల్చడానికి నా దృష్టిలో ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. మేళం ఉన్న క్యాసెట్‌ను ఆపకుండా పూర్తిగా ఎక్కించి, మొదటి పది నిమిషాల్లో ఒకచోట, చివరి పది నిమిషాల్లో ఒకచోట డోలు మీద కర్ర పడే ఫ్రేమును ఆపి చూడండి. రెండు చోట్లా దెబ్బ, శబ్దం కలిసి ఉంటే కార్డు నిలబడినట్టే. చివర్లో తప్పితే ముందు మరో వీసీఆర్‌తో ప్రయత్నించండి. టైమ్ బేస్ కరెక్టర్ (ఊగే గీతల సమయాన్ని సరిచేసే అమరిక) ఉన్న వీసీఆర్ గానీ, సంకేతాన్ని సరిదిద్దే కొన్ని పాత డీవీడీ రికార్డర్లు గానీ మధ్యలో ఉంటే మామూలు కార్డు కూడా నిలకడగా పనిచేయడం నేను చూశాను.

అపోహ: ఒకే పేరు, ఒకే పెట్టె అయితే లోపలి సరుకూ ఒకటే.

వాస్తవం: ఈజీక్యాప్ అనే పేరుతో బజారులో దొరికేవాటిలో కొన్నింట సింటెక్, కొన్నింట ఎంపియా, మరికొన్నింట సోమాజిక్ చిప్‌లు ఉంటాయి. ఒకదాని డ్రైవర్ (కార్డును కంప్యూటర్ గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్) మరొకదానికి పనిచేయదు. పక్కింటివారికి బాగా నడిచిన డాంగిల్ మీ కంప్యూటర్‌లో నల్ల తెర చూపించడానికి చాలాసార్లు ఇదే కారణం. కొనే ముందు చిప్ పేరు, మీ విండోస్‌కు డ్రైవర్ ఉందా లేదా అన్నది అడగండి. ఈ రెండింటికీ జవాబు చెప్పలేని చోట కొనకపోవడమే మేలు.

అపోహ: బొమ్మ కింది అంచున చెదిరిన గీతలు కనిపిస్తే కార్డు పాడైనట్టు.

వాస్తవం: కాదు. వీసీఆర్‌లో టేపును చదివే ఒక హెడ్ నుంచి మరొక హెడ్‌కు మారే చోటు అది. పాత టీవీల చట్రం దాన్ని దాచేది, కంప్యూటర్ మొత్తం చూపిస్తుంది.

అపోహ: మినీ డీవీ టేపులకూ (చిన్న డిజిటల్ వీడియో కెమెరాల్లో వాడినవి) ఇదే కార్డు వాడాలి.

వాస్తవం: ఆ టేపులో ఉన్నది అప్పటికే డిజిటల్ సమాచారం, గంటకు సుమారు 13 జీబీ. ఫైర్‌వైర్ తీగతో (డిజిటల్ సమాచారాన్ని కెమెరా నుంచి కంప్యూటర్‌కు పంపే తీగ) దాన్ని ఉన్నదున్నట్టుగా నకలు తీసుకోవాలి. పసుపు పిన్ను గుండా పంపితే నాణ్యతను చేతులారా పోగొట్టుకున్నట్టే.

డిస్కు సంగతి కూడా ముందే చూసుకోవాలి. కుదించకుండా తీసుకుంటే పాల్ చిత్రం గంటకు దాదాపు 75 జీబీ తింటుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు నిలవదు కనుక, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చుకున్నాకే మొదలుపెట్టండి.

అపోహ: ఖరీదైన కార్డు ఉంటే వీసీఆర్ ఏదైనా పర్వాలేదు.

వాస్తవం: నేనైతే కార్డు మీద తగ్గించి, ఆ డబ్బును వీసీఆర్ సర్వీసుకు పెడతాను. చివరి వరకు వీసీఆర్లు తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016లో ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల తేమకు, అటక మీది క్యాసెట్లలో టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి అది కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టవద్దు. బూజు హెడ్‌కు అంటుకుంటే ఆ తర్వాత వేసే క్యాసెట్లు కూడా పాడయ్యే ప్రమాదం ఉంది.

కొత్త కార్డు తెచ్చాక మొదటి పరీక్షకు పెళ్లి క్యాసెట్ వాడకండి. షాపులో అమ్మిన సినిమా క్యాసెట్ కూడా వద్దు, వాటిలో కొన్నింటికి ఉండే కాపీ రక్షణ వల్ల బొమ్మ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, మంచి కార్డును కూడా చెడ్డదనుకుంటారు. టీవీలో వచ్చిన కచేరీనో, జాతర కార్యక్రమాన్నో ఇంట్లో రికార్డు చేసుకున్న టేపు ఉంటే దాన్ని వేసి, వాపసు గడువు ముగియకముందే మూడు గంటలూ నడిపి చూడండి.