జీవశాస్త్రంలో ఏ శాఖను ఎంచుకోవాలి? డిగ్రీ చదివే పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

డిగ్రీలో జీవశాస్త్రం తీసుకుని, తొలి పాఠాలు ముగించి, ఇక ఏ శాఖలో ప్రత్యేకంగా చదవాలో తేల్చుకోవలసిన దశకు వచ్చినవారి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. జన్యుశాస్త్రం, జీవరసాయన శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, కణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, నాడీశాస్త్రం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, జీవావరణశాస్త్రం అంటూ పేర్ల పట్టిక ఒకటి మీ ముందు ఉంటుంది. వాటిలో దేనికి ఉద్యోగాలు ఎక్కువ, దేనికి గౌరవం ఎక్కువ అని మీరు నలుగురినీ అడుగుతూ ఉంటారు. అవి అడగవలసిన ప్రశ్నలే గాని, వాటికంటే ముందు మిమ్మల్ని మీరు అడుగవలసినవి రెండున్నాయి. ఒక ప్రాణిని చూసినప్పుడు మీలో ఎటువంటి సందేహం పుడుతుంది? రోజంతా ఎటువంటి పని చేస్తూ ఓపికగా గడపగలరు? ఈ రెండింటినీ కలిపేయకుండా దేనికది విడిగా ఆలోచిస్తే శాఖ పేరు తేల్చుకోవడం చాలావరకు సులువవుతుంది.

మొదటి ప్రశ్నను ఒక ఉదాహరణతో చూద్దాం. కొమ్మ మీద ఒక మగ పక్షి పాడుతోంది. అది ఎందుకు పాడుతోంది? జంతువుల ప్రవర్తనను జీవితకాలం పరిశీలించిన నికో టిన్‌బెర్గెన్, ఇటువంటి ఒక్క ‘ఎందుకు’లో నాలుగు వేర్వేరు ప్రశ్నలు ఇమిడి ఉంటాయని 1963లో వివరించారు. పక్షిని ఈ క్షణంలో పాడిస్తున్న యంత్రాంగం ఏది అన్నది వాటిలో ఒకటి. పగటి పొద్దు పెరిగేకొద్దీ పక్షి రక్తంలో టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, మెదడులో పాటను నడిపే కేంద్రాలు చురుకవుతాయి, శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉన్న సిరింక్స్ అనే అవయవం స్వరం పుట్టిస్తుంది. ఈ జవాబు వినగానే మీకు మరింత లోతుకు వెళ్లాలనిపిస్తే శరీరధర్మశాస్త్రమో నాడీశాస్త్రమో మీకు దగ్గరవుతుంది. ఈ పక్షికి ఆ పాట ఎలా అబ్బింది అన్నది రెండవ ప్రశ్న. గానపక్షుల పిల్లలు పెద్ద పక్షుల పాట విని, మొదట తడబడుతూ, క్రమంగా దిద్దుకుంటూ నేర్చుకుంటాయి. ఏ పాటా వినబడకుండా ఒంటరిగా పెంచిన పిల్లలకు సరైన పాట రాదు. మనుషుల్లో దెబ్బతింటే మాట్లాడటంలో ఇబ్బంది కలిగించే ఫాక్స్‌పీ2 అనే జన్యువు పనిని జీబ్రా ఫించ్ మెదడులోని ఒక భాగంలో తగ్గించినప్పుడు, ఆ పిల్ల పక్షి గురువు పాటను సరిగ్గా అనుకరించలేకపోయిందని 2007లో తేలింది. ఇది వికాస జీవశాస్త్రం, జన్యుశాస్త్రం కలిసి నడిచే చోటు.

పాడటం వల్ల పక్షికి కలిగే లాభం ఏమిటి అన్నది మూడవ ప్రశ్న. 1970లలో జాన్ క్రెబ్స్ అడవిలో తమ హద్దులు కాపలా కాస్తున్న గ్రేట్ టిట్ మగ పక్షులను తొలగించి, కొన్ని చోట్ల వాటి పాటను లౌడ్‌స్పీకర్లతో వినిపించి, కొన్ని చోట్ల నిశ్శబ్దంగా వదిలేసి చూశారు. పాట వినిపించిన చోట్లను కొత్త పక్షులు ఆక్రమించడానికి ఎక్కువ సమయం పట్టింది. అంటే పాట ఒక్కటే, పక్షి లేకపోయినా, హద్దును కొంతసేపు కాపాడింది. ఇటువంటి ప్రయోగం గురించి చదివి ‘నాకూ ఇలాంటిది చేయాలని ఉంది’ అనిపించేవారు ప్రవర్తనను, జీవావరణాన్ని చదవవలసినవారు. విని నేర్చుకునే శక్తి గానపక్షులకు, చిలుకలకు, హమ్మింగ్ పక్షులకు ఎలా వచ్చింది, అన్ని పక్షులకూ ఎందుకు రాలేదు అన్నది నాలుగవ ప్రశ్న. దానికి జవాబు వెతికే పరిణామ శాస్త్రజ్ఞులు డీఎన్ఏ వరుసలను పోల్చి, వంశవృక్షాలు గీసి, కంప్యూటర్ ముందు చాలా కాలం గడుపుతారు.

ఈ నాలుగింటిలో ఒకటి లోతైనది, మరొకటి పైపైది అని ఎవరైనా చెబితే నమ్మకండి. అణువుల స్థాయికి దిగితేనే అసలైన శాస్త్రమని అనుకునేవారు ఉన్నారు, ప్రాణిని దాని పరిసరాల్లో చూడనిదే ఏమీ తెలియదనేవారూ ఉన్నారు. కెనరీ పక్షుల పాట ఏటా ఎందుకు మారుతుందో పరిశీలిస్తూ వెళ్లిన ఫెర్నాండో నోట్టెబోమ్ బృందం, పెద్ద పక్షుల మెదడులో కొత్త నాడీకణాలు పుడుతున్నాయని 1980లలో చూపించింది. ఎదిగిన మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవని అప్పట్లో ఎక్కువమంది నమ్మేవారు. పాట గురించిన ప్రశ్న నాడీశాస్త్రపు పునాది నమ్మకాన్నే కదిలించింది.

ఇక రెండవ ప్రశ్న, రోజువారీ పని గురించినది. దీన్ని పిల్లలు సాధారణంగా అడగనే అడగరు గనుక దీని గురించి ఎక్కువ రాస్తాను. పరిణామం మన కళ్లెదుట జరుగుతుందా అన్న ఒకే ప్రశ్నకు రెండు బృందాలు ఎంత వేరుగా జవాబు వెతికాయో చూడండి. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుండి దశాబ్దాల పాటు గాలాపగోస్‌లోని డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవికి వెళ్లి, ఫించ్ పక్షులను పట్టి, కాలికి గుర్తు వలయాలు తొడిగి, ముక్కులను కొలిచి, వదిలిపెట్టారు. 1977 కరవులో మెత్తటి చిన్న గింజలు అయిపోయి గట్టి గింజలే మిగిలినప్పుడు, పెద్ద ముక్కు ఉన్నవి ఎక్కువగా బతికాయి, తరవాతి తరం ముక్కు సగటున పెద్దదైంది. రిచర్డ్ లెన్‌స్కీ 1988లో 12 ఫ్లాస్కులలో ఈ-కోలై బాక్టీరియాను పెంచడం మొదలుపెట్టి, ప్రతి రోజూ అందులో నూరో వంతు తీసి కొత్త ద్రవంలోకి మార్చే ఏర్పాటు చేశారు. రోజుకు ఆరేడు తరాలు గడుస్తాయి. ఇప్పటికి 70,000 తరాలు దాటాయి. సుమారు 31,500 తరాల వద్ద ఒక ఫ్లాస్కులోని బాక్టీరియా, ఆక్సిజన్ ఉన్నప్పుడు ఈ-కోలై సాధారణంగా వాడుకోలేని సిట్రేట్ అనే పదార్థాన్ని తినడం నేర్చాయి. ప్రశ్న రెండు బృందాలదీ ఒకటే. కాని ఎండలో, రాళ్ల మీద, నీటి కరువులో గడిపే రోజు వేరు, పండగ రోజున కూడా ల్యాబ్‌లో ఒకే పనిని అదే శ్రద్ధతో చేసే రోజు వేరు. ఈ రెంటిలో ఏది మీకు సరిపడుతుందో ఆలోచించండి.

మీరు ఎంచుకునే ప్రాణి మీ జీవితపు లయను కూడా నిర్ణయిస్తుందని గుర్తుంచుకోండి. అనుకూల పరిస్థితుల్లో ఈ-కోలై 20 నిమిషాలకు ఒకసారి విభజన చెందుతుంది. ఈస్ట్‌కు గంటన్నర పడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పండుఈగ గుడ్డు నుండి పెద్దదవడానికి సుమారు 10 రోజులు, అరాబిడాప్సిస్ మొక్క విత్తనం నుండి విత్తనానికి సుమారు 6 వారాలు పడుతుంది. ఆడ ఏనుగు ఒక్క గర్భాన్ని దాదాపు 22 నెలలు మోస్తుంది. ప్రయోగం ఫలితం మర్నాడే తెలియకపోతే మనసు నిలవనివారు ఉంటారు, ఒకే పొలంలో పంట చేతికొచ్చేదాకా మొక్కజొన్నను చూస్తూ తృప్తిపడేవారు ఉంటారు. బార్బరా మెక్‌క్లింటాక్ ఆ రెండో రకం. మొక్కజొన్న గింజల మీద రంగుల మచ్చలను ఏళ్ల తరబడి గమనించి, జన్యుపదార్థపు ముక్కలు ఒక చోటు నుండి మరో చోటికి కదులుతాయని 1940లలో గుర్తించారు. ఆ పనికి నోబెల్ బహుమతి 1983లో వచ్చింది. నిదానం ఆమెకు ఇబ్బంది కాలేదు. మీకు అవుతుందో కాదో మీరే చూసుకోవాలి.

దగ్గరి శాఖల మధ్య కూడా స్వభావంలో తేడా ఉంటుంది. జన్యుశాస్త్రజ్ఞుడు ఒక్క జన్యువును చెడగొట్టి, ప్రాణిలో ఏది తప్పిందో చూసి, ఆ జన్యువు చేసే పనిని ఊహిస్తాడు. జీవరసాయనవేత్త కణాలను నలిపి, చల్లని గదిలో గంటల తరబడి ప్రొటీన్‌ను వడకట్టి వేరుచేసి, ఆ ఒక్కదాన్నీ గాజుగొట్టంలో పనిచేయించి చూస్తాడు. ఒకరిది తర్కంతో ఆనందించే మనసు, మరొకరిది చేతి నైపుణ్యాన్ని ప్రేమించే మనసు. రెండూ ఉన్నవారూ ఉంటారు, అది వారి అదృష్టం. వర్గీకరణ శాస్త్రం ఇప్పుడు తక్కువమంది చదివే శాఖ. అయినా ఒక కీటకం కాలి మీది రోమాల అమరికను చూసి జాతిని గుర్తుపట్టడం మీకు ఇష్టమైతే సంకోచించకండి. పేరు తెలియని ప్రాణిని కాపాడటం గాని, దాని మీద ప్రయోగం చేయడం గాని ఎవరికీ సాధ్యం కాదు.

మీకు ఏది సరిపడుతుందో తెలుసుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒకటుంది. మీరు అనుకుంటున్న శాఖ నుండి రెండు మూడు పరిశోధన పత్రాలు తీసుకుని, సారాంశాన్ని, ఫలితాలను పక్కనపెట్టి, పద్ధతుల భాగాన్ని మాత్రమే ఓపికగా చదవండి. ఫలితాలు ఎవరికైనా నచ్చుతాయి. పద్ధతుల భాగం చదువుతున్నప్పుడు ‘ఈ ఉష్ణోగ్రతే ఎందుకు, ఇన్ని నమూనాలే ఎందుకు’ అని మనసు అడుగుతూ ఉంటే ఆ శాఖలో మీకు చోటు ఉన్నట్టే. ఆపైన, ఆ శాఖలో పరిశోధన చేస్తున్న విద్యార్థులను కలిసి, పోయిన వారంలో ఏ రోజు ఏ పూట ఏం చేశారో అడగండి. ఆచార్యులు శాస్త్రపు అందాన్ని చెబుతారు, విద్యార్థులు విఫలమైన పీసీఆర్‌లు (డీఎన్ఏకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి), ఎలుకలు పుట్టించే అలర్జీ, నెలంతా శుభ్రం చేసిన డేటా గురించి చెబుతారు. రెండూ వినాలి. వీలుంటే ఒక సెమిస్టర్ పాటు ఏదైనా ల్యాబ్‌లోనో క్షేత్ర పరిశీలనలోనో చిన్న పని అడిగి తీసుకోండి.

గణితం భయంతో జీవావరణశాస్త్రంలో చేరేవారిని చూసి నాకు బాధ కలుగుతుంది. వేటాడే ప్రాణుల, వేటకు గురయ్యే ప్రాణుల సంఖ్యలను సమీకరణాలతో వివరించే పని 1920లలోనే మొదలైంది. నేడు మనం వాడే గణాంక పద్ధతుల్లో చాలావాటిని రోనాల్డ్ ఫిషర్ పొలాల్లో పంటల ప్రయోగాల కోసం రూపొందించారు. జీవశాస్త్రంలో గణితం లేని మూల ఇప్పుడు ఏదీ మిగలలేదు గనుక, దాని నుండి పారిపోవడానికి శాఖను వాడుకోకండి. ఒక ఉపాధ్యాయుని మీద అభిమానంతో ఎంచుకోవడం అంత ప్రమాదం కాదు, ఆ అభిమానం పాఠం మీదికి కూడా మళ్లితే. వైద్యవిద్యలో చోటు దొరకక ఇటు వచ్చినవారు, అటు దగ్గరగా ఉండాలన్న ఆశతోనే శరీరధర్మశాస్త్రాన్ని పట్టుకోవడం తరచు జరుగుతుంది. రోగాల గురించి పనిచేయాలనుకుంటే సూక్ష్మజీవశాస్త్రం, రోగనిరోధకశాస్త్రం, జన్యుశాస్త్రం, కీటకశాస్త్రం కూడా అక్కడికే తీసుకువెళతాయి.

ఈ ఏడాది అందరి నోటా ఉన్న శాఖను పట్టుకోవాలన్న తొందర మరొకటి. 1960ల చివర థామస్ బ్రాక్ వేడినీటి బుగ్గల్లో, 70 డిగ్రీలకు పైబడిన వేడిలో బతికే బాక్టీరియాను గుర్తించారు. అప్పట్లో ఆ పనికి పెద్ద ఆకర్షణ లేదు. ఆ బాక్టీరియా ఎంజైమే 1980లలో పీసీఆర్‌ను ప్రపంచమంతటా ల్యాబ్‌లకు చేర్చింది. స్పెయిన్‌లో ఉప్పు కయ్యల్లోని సూక్ష్మజీవుల డీఎన్ఏలో పదేపదే వచ్చే వరుసలను ఫ్రాన్సిస్కో మోహికా 1990లలో పరిశీలించారు. అటువంటి వరుసల అధ్యయనమే కొనసాగి, 2012లో జన్యు సవరణ పద్ధతిగా మారి, 2020లో నోబెల్‌కు చేరింది. మరోవైపు, ఒకప్పుడు జీవితకాలపు నైపుణ్యం అనిపించినది యంత్రం చేతికి పోవడం కూడా జరుగుతుంది. జాన్ కెండ్రూ కండరాల్లో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఆకృతిని 1958లో ప్రకటించడానికి ముందు ఏళ్ల తరబడి శ్రమించారు. 2020 నాటికి ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ చాలా ప్రొటీన్ల ఆకృతిని కంప్యూటర్‌లోనే మంచి కచ్చితత్వంతో అంచనా వేయగలిగింది. అందుకని ఒక్క పరికరం చుట్టూ, ఒక్క పద్ధతి చుట్టూ మీ చదువును అల్లుకోవద్దని గట్టిగా చెబుతాను. పద్ధతి మారినా నిలిచేది మీ ప్రశ్న.

ఒకసారి ఎంచుకుంటే జీవితాంతం అదే అన్న భయం కూడా అక్కర్లేదు. పైన చెప్పిన లెన్‌స్కీ డాక్టరేట్ కోసం కొండ అడవుల్లో నేల మీద తిరిగే బీటిల్ కీటకాలను పరిశీలించినవారే. సీమోర్ బెంజర్ భౌతికశాస్త్రం నుండి వచ్చి, వైరస్‌ల జన్యువులను శోధించి, తరవాత పండుఈగల ప్రవర్తన వైపు మళ్లారు. ఇలా మారగలిగేవారికి వెంట తీసుకుపోగలిగిన సరుకు ఉంటుంది. గణాంక శాస్త్రం, రసాయన శాస్త్రపు పునాది, పరిణామ సిద్ధాంతపు గట్టి అవగాహన, కొంత ప్రోగ్రామింగ్, చేసినది స్పష్టంగా రాయగలగడం. మీ శాఖ పాఠ్యక్రమంలో ఇవి లేకపోతే ఐచ్ఛిక పాఠాలుగా తీసుకోండి, ఆ అవకాశమూ లేకపోతే సొంతంగా చదవండి.

చివరకు రెండు శాఖలు సమంగా మిగిలితే, ఒంటరిగా తరవాత నేర్చుకోలేని పాఠాలు ఏ శాఖలో ఎక్కువ ఉన్నాయో చూడండి. పుస్తకంలో ఉన్నది మీరు ఎప్పుడైనా చదువుకోవచ్చు. కాని మైక్రోస్కోప్‌లో చూడటానికి కణజాలాన్ని కోసి రంగు వేయడం, సూక్ష్మజీవుల కల్చర్ కలుషితం కాకుండా పెంచడం, తెలిసినవారి పక్కన నడుస్తూ మొక్కలను గుర్తుపట్టడం ఒకరు చేయి పట్టి చూపిస్తేనే వస్తాయి. వాటిని ఎక్కువ నేర్పే శాఖలో చేరండి. ఏ పత్రాల పద్ధతుల భాగాలు చదివారో, ఎక్కడ విసుగు పుట్టిందో, ఎక్కడ చదవడం ఆపలేకపోయారో నాకు రాయండి. అప్పుడు మీ పట్టికలో మిగిలిన పేర్ల గురించి ఇద్దరం కలిసి మాట్లాడుకోవచ్చు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య